అమ్మకి ఆగిన బల్ల

మా అమ్మకి చర్చిలో బల్ల ఆపేశారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను. కోపం చల్లారాక రాయమని స్నేహితులు చెప్పారు. చల్లారుతుందేమోనని నెలలు చూశాను. అది చల్లారే రకం కాదని తేలిపోయింది కాబట్టి కోపంతోనే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బల్ల అంటే ప్రభువు బల్ల. మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన చివర చిన్న రొట్టె ముక్క, బొటనవేలంత గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు. జనం వరసల వారీగా లేచి ముందుకెళ్ళి మోకరించి తీసుకుంటారు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషికీ అందులో వంతు ఉంది. ఎవరైనా దారి తప్పారని పెద్దలు తేలిస్తే ఆ వంతు ఆపేస్తారు. తాగి వీధిలో పడిపోయినవాళ్ళకీ, పెళ్ళాన్ని పుట్టింటికి తోలేసి ఇంకొకర్ని తెచ్చుకున్నవాళ్ళకీ ఆపడం చూశాను. డెబ్బై ఆరేళ్ళ మనిషికి, ఊళ్ళో సగం మందికి పలక మీద అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషికి ఆపడం మాత్రం ఎక్కడా చూడలేదు. అమ్మ చేసిన పాపమల్లా తన కూతుర్ని తన ఇంట్లో ఉండనివ్వడం.

అమ్మకి ఆ రొట్టె ముక్క అంటే ఏమిటో నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ తినేది కాదు. ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే శనివారమే వెళ్ళి సర్దుకుని వచ్చేది. తుఫానుకి చర్చి రేకులు లేచిపోయిన నెలలో బురద నేల మీద మోకరించి తీసుకుంది. నాన్నని పూడ్చిన అయిదో రోజున తీసుకుంది. నాకు ఆ నమ్మకం పోయింది, ఆమెకి పోలేదు. మా ఇద్దరి మధ్య ఈ విషయంలో ఏ రోజూ గొడవ లేదు. గొడవ తెచ్చినవాళ్ళు బయటివాళ్ళు.

ఇక నా నేరం సంగతి. మాది పాత పెంకుటిల్లు. నడిమి గదిలో తూర్పు కిటికీ పక్కన గోడలో ఒక గూడు ఉంది. కరెంటు రాకముందు కిరసనాయిలు బుడ్డి పెట్టుకున్న గూడు. అందులో నేను కొన్ని రాళ్ళు పెట్టుకున్నాను. ఒక పెద్ద స్ఫటికం, ఒక రోజా రంగుది, ఒక ఊదారంగుది, ఓడలరేవు ఇసుకలో దొరికిన శంఖం, రాగి గ్లాసులో కాలువ నీళ్ళు. పక్కన కాలాన్ని బట్టి మారే వస్తువు ఏదో ఒకటి. బొమ్మ లేదు, బొట్టు లేదు, హారతి లేదు.

ఇది ఆరేళ్ళ కిందట, నాన్న పోయిన ఏడాది మొదలైంది. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన పదకొండు రోజులు ప్రార్థన చేశాను, పదిమంది చేత చేయించాను. పన్నెండో రోజు ఆయన్ని అంబులెన్సులో ఇంటికి తెచ్చుకున్నాం. ఆ తర్వాత ప్రార్థనకని కళ్ళు మూస్తే ఆ మంచం పక్కన మిషను చప్పుడు తప్ప నాకు ఇంకేమీ వినిపించేది కాదు. చర్చికి వెళ్ళడం మానేశాను. ఎవరితోనూ పోట్లాడలేదు. అమలాపురంలో నేను బోటనీ చెప్పే కాలేజీలో నాతోపాటు పనిచేసే ఆవిడ నా వాలకం చూసి, తన బ్యాగులోంచి ఒక స్ఫటికం తీసి నా చేతిలో పెట్టింది. ఊరికే పట్టుకుని కూర్చోమంది. చల్లగా, బరువుగా ఉంది. నన్ను నమ్ము అని అడగలేదు ఆ రాయి. పాపాలు ఒప్పుకోమనలేదు. మామిడికుదురులో బస్సు దిగేదాకా గుప్పిట్లోనే ఉంచుకున్నాను. గుండెలో దడ ఆ రోజే మొదటిసారి తగ్గింది.

రాళ్ళు రోగాలు కుదురుస్తాయని నేను నమ్మను. అలా నమ్మే ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్ళు ఉండి చూశాను. అంతా హైదరాబాదువాళ్ళు. రాళ్ళని పౌర్ణమి వెన్నెల్లో పెట్టి చార్జింగు చెయ్యాలట, ఫోనుకి చేసినట్టు. డిసెంబరులో పొద్దు బాగా కురచైన రోజున పైన్ కొమ్మలతో పీఠం అలంకరించి, నెగడు దగ్గర కూర్చుని మంచుని తలుచుకోవాలట. మా గోదావరి లంకల్లో మంచు ఎక్కడ పడుతుంది? పైన్ కొమ్మ ఎక్కడ దొరుకుతుంది? మేము క్రిస్మస్ చెట్టుకే సరుగుడు కొమ్మ నరికి తెచ్చుకునేవాళ్ళం. ఎవరి దేశపు చలో అరువు తెచ్చుకుని వణకడం దేనికని అడిగితే, నాలో నెగెటివ్ ఎనర్జీ ఉందని గ్రూపులోంచి తీసేశారు. నా జన్మకి వెలివేతలు కొత్త కాదని అప్పుడే అర్థం కావలసింది.

నా పండుగలు నేనే కల్పించుకున్నాను. జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలిన రోజు మొదటి పండుగ. రెండు నెలలు పగుళ్ళు తీసి పడుకున్న కాలువలోకి ఎర్ర నీళ్ళు చెత్తనీ, కొబ్బరి పీచునీ తోసుకుంటూ వస్తాయి. ఆ నీళ్ళు గ్లాసుతో ముంచి తెచ్చి గూట్లో పెడతాను. ఊడ్పులైన రోజున ఒక నారు మొక్క. సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమైన రోజున ఏమీ పెట్టను, దీపం మాత్రం వెలిగిస్తాను. వానాకాలపు సార్వా కోతలకి ఒక వరి కంకి. మామిడి పూతకి పూత. ఏప్రిల్‌లో కాలువ కట్టేసిన రోజున గ్లాసు బోర్లిస్తాను. ఆ రోజుల్లో తెల్లారగట్ల గూటి ముందు పది నిమిషాలు కూర్చుంటాను. ఇంతే నా మతం. ఇందులో ఎవరికి ఏం నష్టమో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ ఆ గూటిని చూసి ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు. శనివారం ఇల్లు దులిపేటప్పుడు ఒక్కో రాయీ తీసి తుడిచి మళ్ళీ ఎక్కడిది అక్కడ పెట్టేది. చాలా కాలానికి ఒకసారి తనంతట తనే అంది.

"మా మామ్మ కూడా చేలో గట్టు మీద ఒక రాయి పెట్టుకునేదే. ఊడ్పుల రోజున దానికి రవ్వంత పసుపు. మిషనరీ దొరసాని గారు గుర్రబ్బండిలో అటొస్తన్నారంటే దాని మీద తట్ట బోర్లించేసేది."

"మరి బాప్తిస్మం తీసుకుంది కదమ్మా?"

"తీసుకుంది. కాలవలో మునిగే తీసుకుంది. రాయేమన్నా బాప్తిస్మానికి అడ్డొచ్చిందా?"

సెప్టెంబరులో ఒక శుక్రవారం మా ఇంట్లో గృహప్రార్థన పెట్టారు. వారానికొక ఇంట్లో జరిగే ప్రార్థన అది. స్త్రీల సమాజంవాళ్ళు పదిహేను మంది దాకా వచ్చారట. నేను కాలేజీలో ఉన్నాను. ఇలాంటి రోజుల్లో గూటికి అడ్డంగా ఒక గుడ్డ కడతాను, అమ్మకి ఇబ్బంది లేకుండా. ఎవరికో ఫోను చార్జింగు అయిపోయింది. ప్లగ్గు కోసం వెతుకుతూ ఆవిడ గుడ్డ తొలగించింది. లోపల తెల్లారగట్ల వెలిగించి ఆర్పిన దీపం, రాళ్ళు. ప్రార్థన అయ్యేదాకా కూడా ఆగలేదు వాళ్ళు. ఒకావిడ ఫొటో తీసింది. నేను సాయంత్రం బస్సు దిగేసరికి మా గూడు సంఘం గ్రూపులో ఉంది. దాని కింద ఏడుపు బొమ్మలు, దండాల బొమ్మలు. మా ఇంట్లో టీ తాగి, మా ఇంట్లో జంతికలు తిని, మా గోడని ఫొటో తీసి ఊరంతా పంచారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

తర్వాతి బుధవారం అయ్యగారు వచ్చారు. అయ్యగారు అంటే మా పాస్టరు. వెంట ఇద్దరు సంఘ పెద్దలు. ఆ ఇద్దరిలో ఒకడు మా అన్నయ్య. అదే వీధిలో నాలుగిళ్ళ అవతల ఉండేవాడు, రోజూ చెప్పులు విప్పి సరాసరి వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి చూసేవాడు, ఆ రోజు గుమ్మం దగ్గర ఆగి "లోపలికి రావచ్చాండీ" అని అడిగాడు. కన్నతల్లి ఇంటి గుమ్మంలో. ఆ మాటకి అమ్మ మొహం ఎలా అయిందో నాకే తెలుసు.

అయ్యగారు చెడ్డమనిషి కాదు. గొంతు పెంచరు. నా ఒళ్ళు మండించేది ఆ మెత్తదనమే. గూటి వంక ఒక్కసారి చూసి కళ్ళు దించుకున్నారు.

"ఇది అన్యాచారం అమ్మా, అన్యదేవతల పద్ధతి. ఇంకో మాట లేదండి."

"మీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదండి, అయినా చెబుతున్నాను. అవి రాళ్ళు. నేను వాటికి దణ్ణం పెట్టను," అన్నాను.

"మిమ్మల్ని నేనేమీ అనడం లేదమ్మా. మీరంతట మీరే రావడం మానేసేరు. మీ గురించి ప్రార్థన చేస్తన్నాం. నేనొచ్చింది అమ్మగారి కోసం. ఇల్లు ఆవిడ పేరున ఉంది. ఇంటికి పెద్ద ఆవిడ. ఆవిడ ఇంట్లో పీఠం పెట్టుకుని, ఆదివారం పూట ప్రభువు బల్లలో చెయ్యెలా వేస్తారండి? అది తీసేదాకా ఆవిడకి బల్ల ఆపుదామని పెద్దలు అనుకున్నారు."

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. నన్ను ఆపలేరు, ఎందుకంటే నాకు అక్కర్లేదు. అక్కరున్న మనిషి గొంతు పట్టుకున్నారు. పెద్దలంటే ఎవరని అన్నయ్యని అడిగాను. వాడు నేల చూశాడు. నోటికొచ్చినవన్నీ అన్నాను. మీ చర్చి అన్నాను, మీ పెత్తనం అన్నాను, ఫొటో తీసినావిడకి బల్ల ఆపారా అని అడిగాను. అమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఆయ్, అలాగేనండి," అంది అయ్యగారితో. "టీ తాగి వెళ్ళండి."

వాళ్ళు టీ తాగారు కూడా.

వాళ్ళు గేటు దాటగానే నేను గూట్లో చెయ్యి పెట్టాను, అన్నీ తీసి పారేద్దామని. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"వాళ్ళు తియ్యమంటే తీసేస్తావా? నేను తియ్యమన్నానా?"

"నీకు బల్ల పోతుందమ్మా."

"నాది నేను చూసుకుంటాను. నువ్వు ఎవరో బెదిరిస్తే నీ వస్తువు తీసి పారేసే పిల్లవైతే నేను నిన్ను సరిగ్గా పెంచలేదన్నమాట. ఉండనియ్యి."

అక్టోబరు మొదటి ఆదివారం అమ్మని ఆటోలో చర్చికి తీసుకెళ్ళి నేను బయట కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎప్పుడూ రెండో వరసలో కూర్చునే మనిషి ఆఖరి వరసలో చివర కూర్చుంది. బల్ల వేళకి ఆ వరస లేచింది. అమ్మ కదల్లేదు. ఆమె మోకాళ్ళు తగలకుండా చీరలు ఎత్తి పట్టుకుని ఒక్కొక్కరే ఆమెని దాటుకుని వెళ్ళారు, మళ్ళీ దాటుకుని వచ్చారు. వాళ్ళలో ఆమె దగ్గర అ ఆలు నేర్చుకున్నవాళ్ళున్నారు. ఒక్కరంటే ఒక్కరు ఆగి భుజం మీద చెయ్యి వెయ్యలేదు. నవంబరులోనూ అంతే. 

ఇది చాలదన్నట్టు పక్కింటి ఆవిడ వచ్చింది. ఊళ్ళో కొబ్బరితోటలున్న పెద్ద రైతు కుటుంబం వాళ్ళది. చేతిలో పసుపు కుంకుమ పొట్లం, మొహంలో గెలిచిన సంబరం.

"ఎంతైనా మీ రక్తంలో ఉంది కదండీ. అమ్మవారే పిలుస్తన్నారు మిమ్మల్ని. వాళ్ళు వద్దంటే ఏం, వెనక్కి వచ్చెయ్యండి, మేం లేమా?"

వెనక్కట. వెనక్కి ఎక్కడికండీ అని అడిగాను. మా అమ్మకి మామ్మ మీ తాతగారి చేలో వంగి నాట్లు వేసింది. జాతర రోజున అమ్మవారిని చూడాలంటే గట్టు అవతల, కనపడీ కనపడనంత దూరంలో నిలబడాల్సి వచ్చేది. అందుకే సొంతంగా ఒక రాయి పెట్టుకుంది. మీ గుడిలో మాకు ఎప్పుడు చోటుంది, ఇప్పుడు వెనక్కి రావడానికి? ఆవిడ నొచ్చుకుంది. మంచికి పోతే చెడు ఎదురైందంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని నేను మొహం మీదే అన్నాను. ఒకళ్ళు నా రాళ్ళ వల్ల మా అమ్మని బయట పెట్టారు, ఇంకొకళ్ళు అవే రాళ్ళతో నన్ను తమ ఖాతాలో వేసుకోబోయారు. ఆ రాళ్ళని రాళ్ళుగా చూసింది అమ్మ ఒక్కతే.

నవంబరు ఆఖరి ఆదివారం మా చర్చిలో కోతల పండుగ. సార్వా కోతలయ్యాక ఎవరి పొలంలో, ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి పీఠం ముందు పెడతారు. స్తంభాలకి వరి పనలు కడతారు, గుమ్మానికి అరటి బోదెలు, చెరుకు గడలు. కొబ్బరి గెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. అయ్యగారు వాటి మీద చెయ్యి చాపి ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత బయట షామియానా కింద వేలం. ప్రార్థన చేసిన కొబ్బరికాయ ఇంట్లో ఉంటే మంచిదని జనం పోటీపడి పాడుకుని తీసుకెళ్తారు. పొలం లేనివాళ్ళు కూడా ఒక గుమ్మడికాయైనా పాడుకోకుండా ఇంటికి వెళ్ళరు. చిన్నప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పండుగ అది. ఈసారి కిటికీ బయటి నుంచే. నేను గూట్లో ఒక కంకి పెడితే అన్యాచారం. వాళ్ళు ట్రాక్టరుతో తెచ్చి పీఠం చుట్టూ పేరిస్తే కృతజ్ఞతార్పణ.

ఆ రోజు అమ్మ బుట్ట అమ్మే సర్దుకుంది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. పైన వరి కంకుల కట్ట, అరటి హస్తం కనిపిస్తున్నాయి. ఆటోలోంచి దించితే బరువుకి నా చెయ్యి లాగేసింది. అడుగున కొబ్బరికాయలు ఉన్నాయనుకున్నాను. బల్ల ఆపినా కానుక ఆపలేదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆఖరి వరస నుంచి ఆ బుట్ట రెండు చేతులా మోసుకుంటూ నడిచి, పీఠం మెట్టు మీద పెట్టి వచ్చింది. అయ్యగారు కానుకలన్నిటినీ పరిశుద్ధపరచమని ప్రార్థన చేశారు. ఒక్కో బుట్టా తాకుతూ వచ్చి అమ్మ బుట్ట మీద కూడా చెయ్యి పెట్టారు. నేను కిటికీలోంచి చూశాను.

వేలం వేసేది మా అన్నయ్యే, వాడిది పెద్ద గొంతు. బయట టేబులు మీద వస్తువులు ఎత్తి చూపిస్తూ, చమత్కారాలాడుతూ పాడిస్తున్నాడు. అమ్మ బుట్ట వంతు వచ్చింది. కంకుల కట్ట వెంటనే పోయింది, అరటిపళ్ళు పోయాయి. వాడు చెయ్యి లోపలికి పెట్టి పైకి తీశాడు. చేతిలో నా స్ఫటికం ఉంది.

 అన్నయ్య బుట్టలోకి చూశాడు. రోజా రంగుది, ఊదారంగుది, శంఖం, అరటాకు మీద వరసగా ఉన్నాయి. అయ్యగారు కుర్చీలోంచి లేచారు. అమ్మ అప్పటికే లేచి నిలబడింది.

"ప్రార్థన అయిపోయిందండీ అయ్యగారూ," అంది, క్లాసులో పిల్లలకి కూడిక చెప్పినంత నింపాదిగా. "మీరు చెయ్యి పెట్టేరు, నేను చూసేను. మీరు ప్రార్థన చేసిన గుమ్మడికాయ మంచిదైతే దాని పక్కనున్న రాయి చెడ్డదెలా అవుతుందండీ? ఇప్పుడివి ప్రభువువి. పాడుకున్నవాళ్ళు దీవెన కింద ఇంట్లో పెట్టుకుంటారు. అంతే కదండీ?"

  జీవితంలో మొదటిసారి అయ్యగారి మొహంలో దారి కనపడని మనిషిని చూశాను.

"వేలం వెయ్యి నాన్నా," అంది అమ్మ అన్నయ్యతో. "మనవాళ్ళే పాడుకుంటారు." అని తల తిప్పి షామియానా అంచున ఉన్న నా వంక చూసింది.

ఆ చూపుతో లెక్కంతా నాకు అర్థమైపోయింది. నేను పాడుకోవాలి. అప్పుడు ఆ రాళ్ళు చర్చి నుంచి వచ్చిన దీవెన వస్తువులై మా గూట్లోకి తిరిగొస్తాయి. వాటిని పీఠమని ఎవడూ అనలేడు. నా గూడు నాకుంటుంది, ఆమె బల్ల ఆమెకుంటుంది. రెండు నెలలు ఆఖరి వరసలో నోరు మూసుకుని కూర్చుని కట్టిన లెక్క అది. నేను చెయ్యవలసిందల్లా ఒక్క అంకె పైకి చెప్పడం.

నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఎన్నో విధాలుగా సర్దిచెప్పుకుని చూశాను, ఒక్కటీ నిలబడలేదు. నిజం ఇది. నాకు అమ్మ మీద కోపం వచ్చింది. అవి నా రాళ్ళు. నాన్న పోయాక నన్ను నిలబెట్టినవి. నన్ను అడక్కుండా తీసుకొచ్చి వాళ్ళ చేతుల కింద పెట్టింది, ఫొటో తీసినవాళ్ళ ముందు పరిచింది. నా వస్తువుని నేను ఆ వాకిట్లో, వాళ్ళ పద్ధతిలో, వాళ్ళ దీవెనతో తెచ్చుకోవాలా అని పళ్ళు బిగించుకున్నాను. నా పౌరుషం నాకు ముఖ్యమైపోయింది.

"ఎవరండీ?" అన్నాడు అన్నయ్య. వాడు కూడా నా వంకే చూస్తున్నాడు. వాడి గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు. "ఒక్క పాట... ఎవరైనానండీ?" మూడోసారి కూడా అడిగాడు. కాళ్ళు కట్టేసిన ఒక కోడి రెక్కలు కొట్టుకుంది. 

అయ్యగారికి దారి దొరికింది. మళ్ళీ ఆ మెత్తటి గొంతు.

"ఎవరూ పాడని దాన్ని కానుకని ఎలా అంటామమ్మా? తీసుకెళ్ళిపోండి."

ఆ దారి వేసి ఇచ్చింది నేనే. మూడు నెలలుగా వాళ్ళని తిడుతున్న నేను, వాళ్ళు ఇరుక్కున్న ఒకే ఒక్క నిమిషంలో వాళ్ళని విడిపించాను.

ఆటోలో అమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేనే అరిచాను, నన్ను అడగాలి కదా అని.

"అడిగితే ఇచ్చేదానివా?" అంది. అది కూడా కోపంగా అనలేదు. ఇంటికి వచ్చాక రాళ్ళు కడిగి, తుడిచి, గూట్లో ఎక్కడివి అక్కడ పెట్టింది.

వారం తిరిగేసరికి డిసెంబరు మొదటి ఆదివారం. ఆటో వచ్చి హారను కొడుతోంది, అమ్మ పాత నేతచీరలోనే చేట ముందు కూర్చుని ఉంది. రెడీ అవమన్నాను.

"నేను రాను. మోకాళ్ళు దాటించుకోడం నా వల్ల కాదిక. నువ్వెళ్ళు."

"నేనా?"

"నాకు ఆపేరు. నీకెవరూ ఆపలేదు కదా, నువ్వే మానేసేవు. వెళ్ళి తీసుకో. ఈ ఇంటి నుంచి ఒక్కరన్నా తీసుకోవాలి."

షామియానా కింద మూసిన నోటితో ఆ మాటకి ఎదురు చెప్పే హక్కు నాకు లేదు. వెళ్ళాను. దారంతా ఒకటే పథకం. రొట్టె చేతిలోకి తీసుకుని, నోట్లో పెట్టుకున్నట్టు నటించి, రుమాల్లో చుట్టి అమ్మకి తెచ్చిస్తాను. దొంగతనమంటే అననీ. ఆమె వంతు వాళ్ళు దొంగిలించలేదా?

ఆరేళ్ళ తర్వాత ఆ వరసలో నిలబడ్డాను. నన్ను చూసి గుసగుసలు మొదలయ్యాయి, తర్వాత అవి స్తోత్రాలయ్యాయి. అయ్యగారి కళ్ళు నిజంగానే తడిసాయి. రాళ్ళు తీసేశారా అని ఎవరూ అడగలేదు. పశ్చాత్తాపపడ్డారా అని అడగలేదు. అవి అదే గూట్లో, అదే ఇంట్లో ఉన్నాయి, నేను వాటి యజమానిని. అన్నయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తప్పిపోయిన గొర్రె దొరికింది కదా, పండుగ. దారి తప్పకుండా డెబ్బై ఏళ్ళు నడిచిన మనిషి ఇంట్లో చేట ముందు కూర్చుని ఉంటే వీళ్ళకి పండుగ. అక్కడే లేచి నిలబడి అరవాలనిపించింది. రుమాలు గుర్తొచ్చి ఊరుకున్నాను.

అయ్యగారు రొట్టె ముక్క నా అరచేతిలో పెట్టి కదలకుండా నిలబడ్డారు. మిగతావాళ్ళ దగ్గర అలా ఆగలేదు. "తీసుకోండమ్మా," అన్నారు, తల్లి పసిపిల్లకి అన్నం పెట్టి చూసినట్టు చూస్తూ. ఎదురుగా నిలబడి చూస్తున్న మనిషి ముందు రుమాలు తియ్యలేకపోయాను. నోట్లో పెట్టుకున్నాను. నాలిక కింద దాచుదామనుకున్నాను. రసం గ్లాసు పెదాలకి అందించారు. రొట్టె కరిగి గొంతులోకి వెళ్ళిపోయింది. ఆ ముక్క మీద నాకు నమ్మకం లేదు, దానికోసం ఆకలీ లేదు. మా అమ్మ వంతు నేను తినేశాను.

ఇంటికి వచ్చేసరికి ఆమె గుమ్మంలో ఉంది.

"ఇచ్చేరా?"

"ఇచ్చేరు."

"తిన్నావా?"

తెద్దామనుకున్నానని చెప్పబోయి మానేశాను. "తిన్నానమ్మా."

"రొట్టె మెత్తగా ఉందా? బేకరీ అబ్బాయి నిన్నటిది అంటగడతన్నాడని అనుకునేవాళ్ళు."

"మెత్తగానే ఉంది."

"రసం?"

"తియ్యగా ఉంది. కొంచెం వగరు."

అమ్మ కళ్ళు మూసుకుంది. నేను చెప్పింది నోట్లో పెట్టుకున్నట్టు పెదాలు కలిపింది. గొంతు కదిలింది. ఏమీ లేని నోటితో మింగి, ఆమేన్ అంది.